రెజ్యూమేలో మన ఊరి పని ఎందుకు కనిపించదు?

చివరి సంవత్సరం పరీక్షలు దగ్గరపడే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల నుంచి నాకు రెజ్యూమేలు వస్తుంటాయి. పంపేవారిలో బంధువుల పిల్లలు ఉంటారు, మా ఊరివాళ్లకు తెలిసినవాళ్ల పిల్లలు ఉంటారు, "అన్నయ్యా, ఒకసారి చూసి చెప్పండి" అని ఒక్క మాట రాసి ఫైలు పంపే ముఖపరిచయం లేనివారూ ఉంటారు. నేను సింగపూర్‌లోని టువాస్ ప్రాంతంలో, ఓడలకూ సముద్రంలో నిలిపే చమురు వేదికలకూ ఉక్కు నిర్మాణాలు తయారుచేసే ఒక యార్డులో నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. మా విభాగంలోకి కొత్తవారిని తీసుకునేటప్పుడు దరఖాస్తులను మొదట వడపోసేవారిలో నేనూ ఒకడిని. అక్కడికి వచ్చే కాగితాలనూ, మన దగ్గర నుంచి వచ్చే కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదువుతుంటాను కనుక మన పిల్లలు ఎక్కడ వెనకబడుతున్నారో నాకు తెలుస్తుంది. చేసిన పనిని కాగితం మీదకు తీసుకురాకపోవడం దగ్గరే వాళ్లకు నష్టం జరుగుతోంది.

దాదాపు అన్ని రెజ్యూమేలూ ఒకే వాక్యంతో మొదలవుతాయి. సవాళ్లతో కూడిన వాతావరణంలో తన నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి తోడ్పడడమే లక్ష్యమని ఆ వాక్యం చెబుతుంది. కాగితం అడుగున తండ్రి పేరు, వైవాహిక స్థితి, సంగీతం వినడం, క్రికెట్ ఆడడం, ఆపైన వివరాలన్నీ నిజమేనన్న ప్రమాణం, స్థలం, తేదీ, సంతకం ఉంటాయి. సీనియర్ల ఫైలు తీసుకుని పేరు మార్చడం వల్ల ఇవన్నీ ఏళ్ల తరబడి అలాగే నడిచి వస్తున్నాయి. అప్పుడే చదువు ముగించిన విద్యార్థికి ఒక్క పేజీ చాలు, ఆ పేజీలో మూడోవంతు ఇలాంటి వాటికే పోతే అతను ఏం చేయగలడో చెప్పడానికి చోటు మిగలదు. వాటిని నిస్సంకోచంగా తీసేయమని నేను అందరికీ చెబుతున్నాను.

మా పనిలో ఒక వెల్డింగ్ జాయింటును తనిఖీ చేసినప్పుడు రిపోర్టులో జాయింటు నంబరు, డ్రాయింగ్ నంబరు, వెల్డరుకు కేటాయించిన గుర్తు, తేదీ, ఏ పద్ధతిలో పరీక్షించామన్నది, లోపం ఉంటే అది ఎక్కడ ఎంత పొడవున ఉందన్నది తప్పనిసరిగా రాస్తాం. "జాయింటు బాగుంది" అని మాత్రమే రాస్తే క్లయింట్ తరఫు ఇన్‌స్పెక్టర్ దాని మీద సంతకం చేయడు. ఇలాంటి రిపోర్టుల మధ్య రోజు గడిపేవారే రెజ్యూమేలనూ చదువుతారు. "కష్టపడే స్వభావం", "నాయకత్వ లక్షణాలు" అన్న మాటల దగ్గర వాళ్ల చూపు ఆగదు; ఏ పని, ఎక్కడ, ఎంతకాలం, ఏ పరికరంతో, దాని ఫలితం ఏమిటి అన్నవి ఉన్నచోట ఆగుతుంది.

పలాస దగ్గరి ఒక మెకానికల్ విద్యార్థి పంపిన రెజ్యూమేలో అనుభవం అన్న శీర్షికే లేదు. సెలవుల్లో ఏం చేస్తుంటావని ఫోనులో అడిగితే, రెండు వేసవులు జీడిపప్పు పరిశ్రమలో గ్రేడింగ్ దగ్గర ఉన్నానని చెప్పాడు. డబ్ల్యూ 240 గ్రేడు అంటే పౌండు బరువుకు 220 నుంచి 240 పలుకులు, డబ్ల్యూ 320 గ్రేడు అంటే 300 నుంచి 320 పలుకులు తూగాలి. డబ్బాల్లో నింపే ముందు నమూనా తీసి, తూచి, పలుకులు లెక్కపెట్టి, గ్రేడు కలిసిపోయిన సరుకును మళ్లీ ఏరించడం, ఆ రోజు లెక్కలను పుస్తకంలో రాయడం అతని పని. "అది మా అమ్మ పనిచేసే చోటు అన్నయ్యా, అదేం రాస్తాను" అన్నాడు. నాకు చాలా బాధ కలిగింది. నమూనా తీయడం, కొలవడం, ప్రమాణంతో పోల్చడం, సరిపోని దాన్ని వేరుచేయడం, నమోదు చేయడం అన్నవే నాణ్యత విభాగంలో చేరినవారికి మేము మొదట నేర్పేవి. అతను వాటిని జీతం తీసుకుని మరీ చేశాడు. ఆ అయిదు పనులనూ రెండు వరుసల్లో రాయించి, చదువు కిందనే పెట్టించాను. సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో తండ్రికి సాయం చేసిన అబ్బాయికీ, భావనపాడులో పడవ ఇంజన్లు విప్పి బిగించిన అబ్బాయికీ ఇదే వర్తిస్తుంది.

ఇచ్ఛాపురం వైపు పిల్లలు ఒడియా ధారాళంగా మాట్లాడతారు కానీ భాషల వరుసలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాసి ఊరుకుంటారు. ఒడిశా, బెంగాల్, తమిళనాడుల నుంచి వచ్చినవారు కలిసి పనిచేసే చోట, పొద్దున్న పని మొదలయ్యే ముందు చెప్పే భద్రతా సూచనలు ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేలా చెప్పగల ఇంజినీరు విలువ ఎంతో నేను రోజూ చూస్తున్నాను.

ప్రాజెక్టు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టును నలుగురూ ఒకే పేరాతో రాస్తే, ఇంటర్వ్యూలో "ఇందులో మీరు చేసినదేమిటి" అన్న ప్రశ్నకు నలుగురూ తడబడతారు. తన వంతు పనినే రాయాలి. పైడిభీమవరం మందుల పరిశ్రమల్లోనో, మూలపేట ఓడరేవు నిర్మాణంలోనో కొద్దిరోజులు శిక్షణ పొందినా, అక్కడ తాను స్వయంగా చూసిన కొలత, చదివిన డ్రాయింగ్, రాసిన లాగ్‌బుక్ గురించి రాయవచ్చు. ఆటోక్యాడ్ వచ్చని రాస్తే, కంప్యూటరు ముందు కూర్చోబెట్టినప్పుడు గీసి చూపగలగాలి.

నగరాల్లోని కొన్ని కన్సల్టెన్సీలు అనుభవ ధ్రువపత్రాలను డబ్బుకు ఇస్తామంటాయి. దీని గురించి నేను కఠినంగానే చెబుతాను: ఆ గడప తొక్కవద్దు. సింగపూర్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకు ఇచ్చే ఒక పని అనుమతి) దరఖాస్తులో డిప్లొమా, ఆపై చదువులను చూపితే వాటి నిజానిజాల ధ్రువీకరణ కూడా జతచేయాలి. దరఖాస్తులో అబద్ధపు వివరాలు ఇచ్చినట్టు తేలితే 20,000 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ విధించే చట్టం ఉంది. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రుల దగ్గరకు ఆ వార్త ఎలా చేరుతుందో పిల్లలు ఒకసారి ఆలోచించాలి.

మిగిలినవి చిన్న విషయాలే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి; పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి తర్వాత తిప్పలు పడేవారు మనలో ఎక్కువ. అమెరికా సంస్థలకు పంపే కాగితంలో ఫోటో, వయసు, మతం, పెళ్లి వివరాలు పెట్టకూడదు. గల్ఫ్ సంస్థలు మాత్రం జాతీయత, వీసా స్థితి అడుగుతుంటాయి. రంగుల పట్టీలూ, గడులూ లేని సాదా పేజీని పీడీఎఫ్‌గా, సొంత పేరుతో పంపితే దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ కూడా సరిగా చదువుతుంది.

డిగ్రీ చేతికి రాగానే నేరుగా సింగపూర్ రావచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2025 జనవరిలో కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు కావలసిన కనీస నెల జీతాన్ని, ఆర్థిక సేవల రంగం మినహా, 5,600 సింగపూర్ డాలర్లకు పెంచారు. అనుభవం లేనివారికి అంత జీతం ఇచ్చే యార్డులు అరుదు. మన పిల్లల్లో ఎక్కువమందికి మొదటి ఉద్యోగం విశాఖలోనో, బొబ్బిలిలోనో, పైడిభీమవరంలోనో దొరుకుతుంది. అక్కడ చేరిన రోజు నుంచి నియామక పత్రం, జీతం స్లిప్పులు, పనిచేసిన ప్రాజెక్టుల పేర్లు, పై అధికారి హోదా అన్నీ ఒకచోట భద్రపరచుకోవాలి. కొన్నేళ్ల తర్వాత మా దగ్గరకు దరఖాస్తు వచ్చినప్పుడు, రెజ్యూమేలోని ప్రతి వరుసకూ మేము అడిగేవి ఆ పత్రాలే.