గేటు కెమెరాతో మొదలైంది

చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీలకు నెట్‌వర్కులు, కెమెరాలు చూసుకోవడం నా పని. ఐపీవీ6, అంటే నెట్టులో ఒక్కో వస్తువుకు అడ్రసు ఇచ్చే కొత్త పద్ధతి, పెట్టుకోమని ఒక ఓనరు గారిని ఒప్పించడానికి నాకు దగ్గర దగ్గర ఏడాది పట్టింది. తప్పు ఆయనది కాదు, నేను చెప్పిన పద్ధతిది.

మొదటిసారి లాప్‌టాప్ పట్టుకెళ్లి పాఠం చెప్పా. పాత ఐపీవీ4లో ఉండేవే సుమారు 430 కోట్ల అడ్రసులు, పంచడానికి మిగిలిన నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది, కొత్తది 128 బిట్లది... ఆయన స్లాబుల లోడింగు వంక చూస్తూనే విన్నారు. "ఇప్పుడు మన నెట్టు ఆగిందా?" అన్నారు. లేదన్నా. "మరి ఏందబ్బయ్యా!" అని టీ తెప్పించారు. టీ తాగి వచ్చేశా.

తర్వాత ఆయనే పిలిచారు. కొత్త ఫైబరు కనెక్షను తీసుకున్నాక, ఒంగోలు ఇంట్లోంచి ఫోనులో గేటు కెమెరా రావడం లేదట. రాత్రి ఏ లారీకి ఏం ఎక్కించారో చూసుకుంటే గానీ ఆయనకు నిద్ర పట్టదు. కారణం నాకు తెలిసిందే. అడ్రసులు చాలక నెట్టు కంపెనీ వాళ్లు ఒకే ఐపీవీ4 అడ్రసును బోలెడుమంది కస్టమర్లకు కలిపి ఇస్తున్నారు. బయట్నుంచి వచ్చేవాడికి వీధి తెలుస్తుంది, ఇల్లు తెలీదు. స్టాటిక్ ఐపీ, అంటే మనకొక్కరికే ఉండే మారని అడ్రసు, కావాలంటే నెలనెలా అదనం. కెమెరా కంపెనీ వాళ్ల క్లౌడ్ యాప్ ఉంది గానీ, మన గేటు బొమ్మలు ఎవరి సర్వరు మీదుగానో పోవడం ఆయనకు గిట్టదు.

ఈసారి పాఠం చెప్పలా. ఆయన ఫోనే తీసుకుని, వైఫై ఆపి, అడ్రసు చూపించే సైటు తెరిచా. జియో సిమ్ము. అంకెలు, అక్షరాలు, మధ్యమధ్య కోలన్లు, గొలుసంత పొడుగు. "కొత్తదంటే ఇదే సార్. 2016లో జియో వచ్చింది దీనితోనే. మీ జేబులో ఉంది, ఫ్యాక్టరీలోనే లేదు" అన్నా.

ఆయన ఆ నంబరు వంక కాసేపు చూసి, "దీనికి అద్దెంత?" అన్నారు.

కనెక్షనుతో పాటే వస్తుంది, పాత రికార్డరుకు మాత్రం ఇది ఎక్కదు, మార్చాలని చెప్పా. ఒప్పుకున్నారు. షరతులు రెండు: ఆదివారమే చెయ్యాలి, కటింగు మిషన్ల లైను ముట్టుకోకూడదు. ఐపీవీ4 తియ్యకుండా పక్కనే ఐపీవీ6 పెట్టా.

గేటు కనబడింది. సంబరంగా టీ కొట్టు దగ్గర నా ఫోనులో ఆఫీసు ప్రింటరు అడ్రసు కొట్టి చూస్తే, దాని సెట్టింగుల పేజీ కూడా తెరుచుకుంది! కెమెరా టెస్టింగు కోసం ఫైర్‌వాల్, అంటే బయటివాళ్లను లోపలికి రానివ్వని కాపలా, ఆపి, మళ్లీ పెట్టడం మర్చిపోయా. ఐపీవీ6లో ప్రతి వస్తువుకీ సొంత అడ్రసు ఉంటుంది, దాచే చాటు ఉండదు. పరుగున వెళ్లి మూసేసి, కెమెరా వరకే దారి వదిలా. ఓనరు గారికి ఉన్నదున్నట్టు చెప్పా. తిట్టారు, న్యాయమే.

వారానికి కరెంటు పోయి వచ్చాక కెమెరా మళ్లీ మాయం. రూటరు తిరిగి లేచేసరికి నెట్టు కంపెనీ వేరే అడ్రసు ఇచ్చింది. అడ్రసు మారినప్పుడల్లా దానంతటదే సరిచేసుకునేలా డైనమిక్ డీఎన్ఎస్ అనే సర్వీసులో, అడ్రసుకు బదులు కొట్టుకునే ఒక పేరు పెట్టాక ఆ బాధ తీరింది.

ఆర్నెల్లలో ఆఫీసంతా మార్చాం. కాటా కంప్యూటరు ఒక్కటే పాతదాని మీదే ఉంది. అడిగితే, "దాని జోలికి పోబాక" అన్నారు.