మొదటి అధ్యాయంతోనే బైబిలు మూసేయకండి

ఉజ్జీవ కూటమైనా, యవ్వనస్థుల కూడికైనా మన నల్లగొండ, పాలమూరు సంఘాల్లో అదే వరుస. స్వలింగ సంపర్కాన్ని తప్పుపట్టే రోమా 1:26, 27 చదువుతారు, గొంతు పెంచుతారు, సొదొమ మీదికి వెళ్తారు, మూడుసార్లు ఆమేన్ చెప్పించి బైబిలు మూస్తారు. ఆ వచనాలు చదివినందుకు నా బాధ కాదు. పౌలు ఆపని చోట మనం ఆపుతున్నందుకు.

పౌలు చెబుతుంటే తెర్తియు అనే లేఖకుడు రాసిన ఉత్తరం అది. రోమాలో ఇళ్లల్లో కూడుకునే విశ్వాసులు దాన్ని చదివించుకుని విన్నారు. అందులో అధ్యాయాలు లేవు. అధ్యాయాలు 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ విడదీసినవి, వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ వేసినవి. అంటే మొదటి అధ్యాయం చివరిదైన 32వ వచనం అయ్యాక వాళ్లకు ఆమేన్ చెప్పే సందు కూడా దొరకలేదు. వెంటనే చెవిన పడింది: "కాబట్టి తీర్పు తీర్చు మనుష్యుడా, నీవెవడవైనను సరే నిరుత్తరుడవై యున్నావు" (2:1).

ఆ 'నిరుత్తరుడవు', అంటే జవాబు చెప్పుకోలేనివాడివి, అన్న మాట దగ్గర కాసేపు కూర్చోండి. 1:20లో సృష్టికర్తను విడిచిన వాళ్ల గురించి "నిరుత్తరులై యున్నారు" అన్నాడు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, అనపొలొగేతోస్. కొత్త నిబంధన మొత్తంలో అది ఈ రెండు చోట్లే వస్తుంది. మొదట అన్యుల మీద పెట్టాడు, తలలూపుతూ వింటున్న విశ్వాసి మీద అదే తిరిగి పెట్టాడు. మొదటి అధ్యాయమంతా ఆ రెండో చోటికి నడిపించే దారి. దారి సగంలో మైకు ఆపేస్తే మిగిలేది ఎదుటివాడి పాపమే.

ఈ మధ్యలో 1:29 నుంచి 31 వరకు మన తెలుగు బైబిలులో 21 దోషాల జాబితా ఉంది. కొండెగాండ్రు, మాట తప్పువారు, నిర్దయులు అందులోనే ఉన్నారు. ఈ మూడు మాటలూ గుర్తుంచుకోండి.

1 కొరింథీ 6:9 ఇంకో చిక్కు. మనవాళ్లు అక్కడ 'ఆడంగితనము గలవారు' అని తర్జుమా చేశారు. గ్రీకు మాట మలకోయ్, మెత్తనివారు అని దాని అర్థం. మత్తయి 11:8లో సన్నపు బట్టలకు వాడింది కూడా ఆ మాటే. పౌలు దాన్ని ఏ అర్థంలో అన్నాడో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మనమేమో నడక మెత్తగా, గొంతు సన్నగా ఉన్న ప్రతి పిల్లవాణ్నీ ఆ వచనంతో కొడుతున్నాం. ఇక సొదొమ దోషమేంటో యెహెజ్కేలు 16:49 తనే చెబుతుంది: గర్వం, కడుపునిండా తిండి, సుఖం ఉండి కూడా దీనులకు చేయి అందించకపోవడం.

సంఘాల బోధ నేను మార్చమనడం లేదు. వివాహం స్త్రీపురుషుల మధ్యేనని ఇక్కడి సంఘాలు దాదాపు అన్నీ నమ్ముతాయి. స్వలింగ సంపర్కాన్ని తప్పంటున్న కథోలిక సంఘపు బోధగ్రంథమైన సత్యోపదేశం కూడా 2358వ పేరాలో అలాంటివారిని గౌరవంతో, కనికరంతో చేర్చుకోవాలి, అన్యాయపు వివక్ష చూపకూడదు అంటుంది. బోధ ఏదైనా, మనిషి వచ్చి ముందు నిలబడినప్పుడు ఏం చేస్తామన్నదే ప్రశ్న.

ఒక అబ్బాయో అమ్మాయో వచ్చి "అయ్యగారూ, నా మనసు ఇట్లుంది" అంటే ముందు వినండి. వివరాలు తవ్వకండి. ఇంట్లో ఎవరికైనా తెలుసా, కొడుతున్నారా, చావాలన్న ఆలోచన వస్తోందా, ఈ మూడే అడగండి. మూడోదానికి అవునంటే ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు.

విన్నది మీ దగ్గరే ఉండాలి. కథోలికులకు పాపసంకీర్తన ముద్ర ఉంది, అంటే ఒప్పుకోలులో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు. మన దగ్గర అది లేదు గనుక ఇంకా జాగ్రత్త కావాలి. పేరు చెప్పకుండా "ఒక యవ్వనస్థుని కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా తప్పే. నలభై గడపల సంఘంలో అదెవరో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. "కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును" (సామెతలు 11:13). ఇందాక గుర్తుంచుకోమన్న మూడు మాటల్లో మొదటిది ఇదే.

దయ్యమని మెడ పట్టి వంచడం, నీళ్లు కూడా ముట్టనీయకుండా మూడు రోజుల ఉపవాసం పెట్టించడం వద్దు. రోమా మొదటి అధ్యాయంలో దయ్యం ప్రస్తావనే లేదు. నిద్రాహారాలు లేని మనసు ఇంకా కుంగిపోతుంది. మార్చేస్తామనే డాక్టర్ల దగ్గరికీ పంపకండి. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. అలాంటి చికిత్స వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది.

"పెళ్లి చేస్తే అదే సర్దుకుంటది" అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పెళ్లి మందు కాదు. తెలిసి తెలిసి దాచి ఆ ప్రమాణం చేయించిన కాపరి, ఏమీ తెలియని ఇంకో ఇంటి బిడ్డ బతుకును అందులోకి లాగుతాడు. మాట తప్పువారు అన్నది అక్కడ ఆ అబ్బాయికే కాదు, పెళ్లి జరిపించినవాళ్లకూ తగులుతుంది.

మూడో మాట నిర్దయులు. తండ్రి పిల్లవాణ్ని గడప దాటించాడని తెలిస్తే సంఘపెద్దలు తెల్లారేదాకా ఆగొద్దు. ఇద్దరు వెళ్లి తండ్రితో కూర్చోండి, ఇంకొకరు పిల్లవాణ్ని తమ ఇంటికి తీసుకెళ్లండి. అన్నం పెట్టండి, పడుకోవడానికి చోటివ్వండి, ఫోన్ చార్జింగ్ పెట్టివ్వండి. ఆ రాత్రి ప్రసంగం చేయకండి. తర్వాత ఎప్పుడైనా తనే వాక్యం అడిగితే, దేవుని దయే మనిషిని మారుమనస్సుకు నడిపిస్తుందనే రోమా 2:4 నుంచి చదవండి.