గివెన్ నేమ్ అంటే పెట్టిన పేరు

తొమ్మిదో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర నా ఎర్ర పెన్ను ఆగింది. నాన్నకు తనంటే ఎంత ప్రేమో రాస్తూ ఒక అమ్మాయి, పొలం నుంచి రాగానే ఆయన తనను ‘కాల్స్ నేమ్స్’ అని రాసింది. పేరు పెట్టి పిలుస్తాడని ఆమె ఉద్దేశం. ఇంగ్లీషులో ఆ మాటకు తిడతాడని అర్థం. ముందు ‘బై’ చేర్చి నేమ్‌ను ఏకవచనంలో ఉంచితే పిలుపు, ‘బై’ తీసేసి బహువచనం చేస్తే తిట్టు. తప్పు గీత గీసి వదిలేయడానికి మనసొప్పలేదు. మర్నాడు పీరియడ్ మొత్తం ఆ ఒక్క మాటకే ఇచ్చాను.

బోర్డు మీద నేమ్ అని రాసి, పక్కనే నామం అని రాశాను. చెప్పకముందే పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. ఈ రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. లాటిన్‌లోని నోమెన్ కూడా ఆ కుటుంబానిదే, నౌన్ అనే మాట దాని నుంచే పుట్టింది. మన ‘పేరు’ మాత్రం వేరే ఇంటి బిడ్డ. తమిళంలో పెయర్, కన్నడంలో హెసరు దాని తోబుట్టువులు.

నిక్‌నేమ్ కథ పిల్లలకు బాగా నచ్చింది. పాత ఇంగ్లీషులో ఈక్ అంటే అదనం. ‘ఆన్ ఈక్‌నేమ్’ అంటే అదనపు పేరు. జనం నోళ్లలో నలిగి ఆ ‘న్’ వచ్చి పేరుకు అతుక్కుంది, నిక్‌నేమ్ అయింది. సర్‌నేమ్‌లోని ‘సర్’ అయ్యా అని పిలిచే సర్ కాదు, ఫ్రెంచిలో ‘పైన’ అని అర్థం. ఉన్న పేరు మీద మరో పేరు. అదే మన ఇంటిపేరు. కానీ మనం దాన్ని ముందు రాస్తాం, వాళ్లు చివర రాస్తారు. దరఖాస్తులో ఫస్ట్ నేమ్ అని కనబడగానే మనవాళ్లు మొదట వచ్చే ఇంటిపేరు రాసేది అందుకే. అది వాళ్ల అజ్ఞానం కాదు. అడిగే పద్ధతి మన పేర్లను చూసి పెట్టింది కాదు.

మా తమ్ముడి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండేది. సైదులు అనే ఒక్క పేరే ఉంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను సందర్శక వీసా మీద రానివ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో నియమం తెచ్చింది. వాడి ప్రయాణం సరిగ్గా అప్పుడే. టికెట్ డబ్బు పోయింది. ఇంటిపేరు చేర్పించుకోవడానికి తిరిగిన తిరుగుడు వాడికే తెలుసు. దరఖాస్తు నింపిన మనిషి ఆ గడి ఎందుకో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

గివెన్ నేమ్ అనే మాట మాత్రం నాకు ఇష్టం. ఇచ్చిన పేరు, మన మాటలో పెట్టిన పేరు. నేరేడుచర్ల దగ్గర జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మా అమ్మ మొక్కుకుంటే నేను పుట్టానట, అందుకే సైదమ్మనయ్యాను. మా వైపు హిందువుల ఇళ్లలో సైదులు, సైదయ్య, సైదమ్మ ఎందరో. యాదగిరిగుట్ట నుంచి యాదయ్యలు, యాదమ్మలు. పాలమూరు పోతే కురుమూర్తి స్వామి పేరున కురుమయ్యలు. ఊరు చెప్పకపోయినా పేరే ఊరు చెబుతుంది. కాలేజీలో ఈ పేరు మార్చుకొమ్మని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అమ్మ మొక్కును నేనెలా మార్చుకుంటాను?

ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు పొడి అక్షరాలు వద్దంటున్నాను. ‘కె’ అంటే ఏమిటో ఒక పిల్లకు తెలియదు, ఇంట్లో అడిగి రమ్మన్నాను. మర్నాడు కేతావత్ అని గట్టిగా చెప్పి కూర్చుంది.

ఆ రోజు పాఠం చివర ఒక పిల్లవాడు లేచి అడిగాడు: “టీచర్, మా అమ్మ మా నాన్న పేరు చెప్పదు. పేరు పెట్టి పిలిస్తే మనకూ తిట్టేనా?” తిట్టు కాదు, గౌరవం కొద్దీ నోట పలకరని చెప్పాను. చెబుతుంటే మా అమ్మే గుర్తొచ్చింది. రేషన్ కార్డు కోసం వెళ్లినప్పుడు ‘మీ ఆయన పేరేమిటమ్మా’ అంటే నా భుజం తట్టి ‘నువ్వు చెప్పు బిడ్డా’ అనేది. నాన్న పోయిన మూడు నెలలకు పింఛను కోసం తీసుకెళ్లాను. అదే ప్రశ్న. నేను నోరు తెరిచేలోగా అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, ఇంటిపేరుతో సహా నాన్న పేరు మొత్తం చెప్పింది. రాసుకునే ఆయనకు సరిగా వినబడలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది.