సెకండ్ క్లాస్‌లో కమ్యూనియన్, సిక్స్త్ క్లాస్‌లో 1916

ఐర్లండ్‌లో ప్రైమరీ బడులు పదింట తొమ్మిది దాకా క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే ఉంటాయి. టీచర్ల జీతాలు మాత్రం ప్రభుత్వం ఇస్తుంది. 2018 అడ్మిషన్ల చట్టం తర్వాత బాప్టిజం సర్టిఫికెట్ లేదని ఈ బడులు సీటు కాదనడానికి వీల్లేదు. అందుకే ఇక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లకి ఇంటి దగ్గరున్న బడి చాలాసార్లు ఇదే అవుతుంది. లోపల రోజుకు అరగంట దాకా మతబోధన ఉంటుంది. సెకండ్ క్లాస్‌కి, అంటే ఏడెనిమిదేళ్లకి, ఆ అరగంట కాస్తా పక్క పీరియడ్లలోకి పొంగుతుంది. ముందు మొదటి పాపసంకీర్తనం (కన్ఫెషన్), మే నెల ప్రాంతంలో మొదటి సత్ప్రసాదం (కమ్యూనియన్), మధ్యలో పాటల రిహార్సళ్లు. సిక్స్త్ క్లాస్‌లో కన్ఫర్మేషన్, అంటే విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం.

మతబోధనలో కూర్చోకుండానే చదువుకునే హక్కు రాజ్యాంగం 44వ అధికరణంలోనే ఉంది. కావాలనుకుంటే రాతపూర్వకంగా అడగండి, అదీ సెప్టెంబరులోనే. ఏప్రిల్‌లో అడిగితే పిల్ల పేరు అప్పటికే పాటల జాబితాలో ఉంటుంది. ‘మా పిల్లకి వద్దు’ అని ఊరుకోకుండా, ఆ అరగంట ఎక్కడ కూర్చుంటుంది, ఏం చేస్తుంది, క్లాసంతా చర్చికి వెళ్లినప్పుడు ఎవరి దగ్గరుంటుంది అని కూడా అడగాలి. విడిగా కూర్చోబెట్టడానికి మనిషి లేక, చాలాసార్లు అదే గదిలో వెనక బెంచీలో బొమ్మలు వేసుకోమంటారు. పాఠం ఎలాగూ చెవిన పడుతుంది. తెలుగు గుణింతాల పుస్తకం బ్యాగులో పెట్టి పంపితే ఆ టైము వృథా కాదు.

అయితే ప్రార్థన వద్దంటూ చరిత్రనీ దాంతోపాటు వదిలేయడం తప్పు. ఈ దేశంలో రెండూ ఒకే గుడ్డలోని పడుగూ పేకా. 1695 చట్టం క్యాథలిక్కులు బడి పెట్టకూడదంది. దాంతో పంతుళ్లు కంచెల చాటున, కొట్టాల్లో చదువు చెప్పారు. పొలాల్లో బండరాళ్ల మీద పూజలు జరిగాయి. ఆ కాలపు గుర్తుగా చెప్పే జపమాల ఒకటుంది: ఒక కొసన ఉంగరం, మధ్యలో పది పూసలు, రెండో కొసన సిలువ, అంతే. ఉంగరం బొటనవేలికి తొడిగి, పూసలూ సిలువా చొక్కా చేతిలోకి తోసేస్తారు. పది పూసలయ్యాక ఉంగరం చూపుడువేలికి మారుతుంది. చిటికెనవేలికి వచ్చేసరికి అయిదు పదులు పూర్తి. ఎదుటివాడికి కనిపించేది వేలికున్న ఉంగరమొక్కటే. కీచెయిన్ రింగుకి పది పూసలు గుచ్చి చేతికిస్తే, పీనల్ లాస్ (క్యాథలిక్కులని అణచిన ఆ చట్టాలు) అనే మాట పిల్లలకి పుస్తకం కంటే ముందు అర్థమవుతుంది.

తర్వాత క్యాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన నాయకుడు డానియల్ ఓకానెల్. నెలకి ఒక పెన్నీ చందా పెట్టి, దాన్ని ఫాదర్ల సాయంతో చర్చి గుమ్మాల దగ్గరే వసూలు చేయించాడు. 1829లో క్యాథలిక్కులకి పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి. చర్చి గుమ్మమే పార్టీ ఆఫీసు ఎందుకైందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడే మన పిల్లలు ఒక పొరపాటు లెక్క కడతారు: క్యాథలిక్ అంటే దేశభక్తుడు, ప్రొటెస్టెంట్ అంటే బ్రిటిష్ మనిషి. బ్రిటిష్ పాలనని ఎదిరించిన నాయకులు వుల్ఫ్ టోన్, ఎమెట్, పార్నెల్ ముగ్గురూ ప్రొటెస్టెంట్లు. అటు చూస్తే ఫీనియన్లకి (బ్రిటన్ మీద తిరగబడ్డ విప్లవకారులు) నరకం కూడా చాలదన్నట్టు 1867లో మాట్లాడింది కెర్రీ బిషప్పు. 1922 అక్టోబరులో, బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఎదిరించి ఆయుధం పట్టినవాళ్లకి సత్ప్రసాదం ఇవ్వకూడదని బిషప్పులంతా కలిసి లేఖ రాశారు. ఐర్లండ్ జెండా చూపించినా చాలు: ఆకుపచ్చ క్యాథలిక్ వర్గానికి, నారింజ ప్రొటెస్టెంట్ వర్గానికి, మధ్యలో తెలుపు శాంతికి.

సిక్స్త్ క్లాస్‌లో 1916 మీద చేసే ప్రాజెక్టుల్లో తరచూ దొర్లే తప్పు ఇంకొకటి. ఆ ఏడాది బ్రిటన్ మీద డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటు నాటి స్వాతంత్ర్య ప్రకటనలో ‘జాతి బిడ్డలందరినీ సమానంగా’ ఆదరించే మాట ఉంది. పోస్టర్ మీద దాని కింద చిన్నపిల్లల బొమ్మలు వేస్తారు. అక్కడ బిడ్డలంటే బడిపిల్లలు కాదు. అల్పసంఖ్యాకులతో సహా దేశ ప్రజలందరూ.

పిల్లలకి చెప్పడానికి ఆ ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురి పేర్ల కంటే మైకేల్ మాలిన్ కథ మేలు. కుర్రవాడిగా బ్రిటిష్ సైన్యంలో డ్రమ్మర్‌గా చేరి, మన దేశంలోనే కొన్నేళ్లు పనిచేశాడు. 1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం నాడు సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్‌లో అదే సైన్యం మీద తిరగబడ్డ దళానికి నాయకుడతడే. అతని కింద రెండో స్థానంలో ఉన్న మార్కివిచ్ అనే మహిళ పుట్టుకతో ప్రొటెస్టెంట్. మే 8న మాలిన్‌ని కాల్చేశారు. ముందురాత్రి ఇంటికి రాసిన ఉత్తరంలో కూతురు ఊనాని సిస్టర్‌వి కమ్మన్నాడు, రెండేళ్ల జోసెఫ్‌ని వీలైతే ఫాదర్‌వి కమ్మన్నాడు. ఇద్దరూ అలాగే అయ్యారు. జోసెఫ్ జెసూట్ సంఘం ఫాదర్‌గా హాంకాంగ్‌లో జీవితం గడిపి 2018లో 104 ఏళ్లకి పోయాడు. ‘నాన్న చెప్పాడని అయిపోవాలా?’ అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి, ఆ ఉత్తరం మనకీ కొంచెం గుచ్చుకోవాల్సిందే.

మనవాడొకడూ ఉన్నాడు. బరంపురం తెలుగింటి వి.వి.గిరి 1913లో డబ్లిన్ వచ్చి లా చదివాడు. తిరుగుబాటు తర్వాత 1916లోనే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత మన రాష్ట్రపతి అయ్యాడు.

ఇవన్నీ చూపించాలంటే డబ్లిన్ ట్రామ్ లుఆస్ రెడ్ లైన్ ఒక్కటి చాలు. ఆబీ స్ట్రీట్‌లో దిగితే జీపీఓ, అంటే తిరుగుబాటుకి కేంద్రమైన పెద్ద పోస్టాఫీసు. స్మిత్‌ఫీల్డ్ స్టాప్ నుంచి కొద్ది దూరంలో చర్చ్ స్ట్రీట్ కపూచిన్ సన్యాసుల మఠం; మరణశిక్ష పడ్డవాళ్ల చివరి పాపసంకీర్తనం విన్న ఫాదర్లు అక్కడివాళ్లే. మ్యూజియం స్టాప్ వెనక ఆర్బర్ హిల్‌లో మరణశిక్ష పడ్డవాళ్లలో 14 మంది సమాధి, గోడ మీద ప్రకటన. చివరికి స్యూర్ రోడ్‌లో దిగి నడిస్తే కిల్‌మైనమ్ జైలు. అక్కడ గైడ్ లేకుండా లోపలికి వదలరు, టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే అయిపోతాయి. జైలు టైము ఖాయమయ్యాకే మిగతావి సర్దుకోండి. రాళ్లు కొట్టే ఆవరణలో ఎదురెదురుగా రెండు సిలువలుంటాయి, పిల్లలు ఎందుకని అడిగి తీరతారు. ఒకటి 13 మందిని నిలబెట్టి కాల్చిన చోటు. గేటు దగ్గరున్నది తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జేమ్స్ కానలీది. కాలికి గాయమై నిలబడలేని మనిషిని అంబులెన్సులో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. జీవితమంతా సోషలిస్టుగా బతికిన ఆయన కూడా ఆ రాత్రి కపూచిన్ ఫాదర్ చేత సత్ప్రసాదం తీసుకున్నాడు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే కుర్చీ సంగతి గైడ్ చెప్పకముందే మీరు చెప్పి తీసుకెళ్లండి. లేదంటే ఆర్బర్ హిల్ దగ్గరే వెనక్కి తిరగండి.