ఇచిరో సుజుకి: బంతికంటే ముందు కదిలిన కాళ్ళు

2001 ఏప్రిల్ 11, అమెరికాలోని ఓక్లండ్‌లో బేస్‌బాల్ మ్యాచ్. బ్యాటర్ కొట్టిన బంతి మైదానంలో కుడివైపు దూరంగా, రైట్ ఫీల్డ్ వైపు దొర్లింది. రన్నర్ వరసగా తాకాల్సిన బేస్‌లలో మొదటిదైన ఫస్ట్ బేస్ నుంచి ఓక్లండ్ ఆటగాడు టెరెన్స్ లాంగ్ ఏకంగా థర్డ్ బేస్‌కే పరుగందుకున్నాడు. సియాటిల్ మెరినర్స్ జట్టులో దూరపు మైదానం కాచే ఔట్‌ఫీల్డర్, జపాన్ ఆటగాడు ఇచిరో విసిరిన బంతి ఎక్కడా నేల తాకకుండా థర్డ్ బేస్ దగ్గరున్న డేవిడ్ బెల్ గ్లవ్‌లోకి దూసుకెళ్ళింది. లాంగ్ ఔట్. ఇచిరో అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

అందరూ ఆ చేతిని పొగిడారు. కాళ్ళని చూస్తేనే అసలు పని అర్థమవుతుంది. బంతి దగ్గరికి వెళ్ళి ఆగి విసిరితే భారమంతా భుజం మీదే పడుతుంది. అందుకే ఔట్‌ఫీల్డర్ బంతి మీదికి పరిగెత్తుతూనే దాన్ని తీసుకోవాలి. కుడిచేతి వాటమైతే ఎడమ పాదం పక్కన బంతి అందుకుని, కుడికాలి మీద చిన్న గెంతు వేసి, ఎడమ పాదాన్ని బేస్ వైపు పెట్టి వదలాలి. వేళ్ళు బంతి మీది కుట్లకి అడ్డంగా ఉండాలి. కుట్ల వెంబడి పట్టుకుంటే బంతి దారిలో పక్కకి జారుతుంది. ఎత్తుగా లేపినా నష్టమే, గాలిలో ఉన్నంతసేపూ రన్నర్ పరిగెడుతూనే ఉంటాడు. క్రికెట్‌లో బౌండరీ నుంచి కీపర్‌కి ఫ్లాట్‌గా వేసే త్రోకీ ఇదే సూత్రం.

బ్యాటింగ్‌లోనూ అంతే. బేస్‌ల మధ్య దూరం 90 అడుగులు. ఎడమచేతి బ్యాటర్‌ నిలబడే చోటు ఎలాగూ ఫస్ట్ బేస్‌కి దగ్గర. పైగా బంతి తగిలే క్షణానికే ఇచిరో ఒళ్ళు ముందుకి కదిలిపోయేది. బేస్‌ల దగ్గర కాచే ఇన్‌ఫీల్డర్ బంతి తీసి విసిరేలోపు బేస్ దాటేసేవాడు. దీన్ని అనుకరించేవాళ్ళు ఎక్కువగా ఒక్కచోటే దెబ్బతింటారు: ఒంటితోపాటు చేతులూ ముందుకి వచ్చేస్తాయి. నెమ్మది బంతి పడితే ఇక కొట్టడానికి బలం మిగలదు. ఇచిరో చేతులు మాత్రం చివరిదాకా వెనకే ఆగేవి.

ఈ పద్ధతితోనే 1994లో జపాన్ జట్టు ఒరిక్స్ బ్లూవేవ్ తరఫున 130 మ్యాచుల్లో 210 హిట్లు (బంతి కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు. 2004లో మేజర్ లీగ్‌లో 262 హిట్లతో, 1920 నుంచి నిలిచిన జార్జ్ సిస్లర్ ఒక్క సీజన్ రికార్డు 257ని దాటాడు. ఆ 262లో 225 సింగిల్స్, అంటే ఒక్క బేస్ మాత్రమే అందిన హిట్లు. వాక్స్ (నాలుగు చెడు బంతులు వదిలేస్తే ఊరికే దక్కే ఫస్ట్ బేస్) తక్కువనీ, అన్నీ చిన్న హిట్లేననీ విమర్శించినవాళ్ళున్నారు. వాక్స్ మాట నిజమే. కానీ వరసగా పది సీజన్లు 200కి తగ్గకుండా హిట్లు, ఆ పదేళ్ళూ మేటి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్: ఇంత నిలకడని చిన్నదనడానికి నాకు మనసొప్పదు. 2025లో బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కి 394 ఓట్లలో 393 వచ్చాయి. ఆ ఒక్కటీ ఎందుకు రాలేదో ఇప్పటికీ మింగుడుపడదు.

మేజర్ లీగ్‌లో 3000వ హిట్ 2016 ఆగస్టు 7న డెన్వర్‌లో వచ్చింది. అది ట్రిపుల్. 42 ఏళ్ళ వయసులో మూడు బేస్‌లూ పరిగెత్తి అందుకున్నాడు.