అమ్మ డాల్డా డబ్బా

విశాఖపట్నంలో మా కంచరపాలెం ఇంట్లో వంటగది గట్టు కింద, గ్యాస్ బండ పక్కన ఇప్పటికీ ఒక పాత డాల్డా డబ్బా ఉంటుంది. పసుపు రంగు దాదాపు పోయింది, చెట్టు బొమ్మ సగం మాత్రం కనిపిస్తుంది. అమ్మ పొద్దున్నే అన్నానికి బియ్యం కొలిచి, అందులోంచి ఒక గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేసి, ఆ తర్వాతే మిగతావి కడిగేది. ఒక్క రోజు కూడా మానలేదు. నాన్న పోర్టులో కళాసీ, జీతం వచ్చే ముందు వారం ఎప్పుడూ కటకటే, అలాంటి నెలాఖరు రోజుల్లో పక్కింటి పిన్నిగారి దగ్గర సోలెడు బియ్యం చేబదులు తెచ్చేది గానీ ఆ డబ్బా మూత మాత్రం తీసేది కాదు. పైగా ఆ తెచ్చిన బియ్యంలోంచి కూడా ఒక గుప్పెడు అందులో పడేది. చిన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చేది, మనకే లేకపోతే ఇంకెవరి కోసమే అమ్మా అంటే "అవి మనయి కావే" అనేది, అంతే, ఇంకేం చెప్పేది కాదు.

అది ఎందుకు మొదలైందో నాకు పెద్దయ్యాక నాన్న చెప్పారు. 1998లో ఆయనకి కడుపులో అపెండిక్స్ పగిలి పెద్దాసుపత్రిలో పదిహేడు రోజులున్నారు. (అంటే విశాఖ కింగ్ జార్జ్ హాస్పిటల్, కేజీహెచ్, మా ఇంట్లో పెద్దాసుపత్రే అంటాం. 1923 నుంచీ ఉంది అది, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు, అటు ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి కూడా జనం దానికే వస్తారు.) ఏ గవర్నమెంటు ఆస్పత్రిలోనైనా బెడ్ మీదున్న మనిషికి భోజనం వస్తుంది, పక్కన కూర్చున్న మనిషికి రాదు. అమ్మ మమ్మల్నిద్దర్నీ అమ్మమ్మ దగ్గర వదిలేసి ఆయన మంచం పక్కనే ఉండిపోయింది. ఉన్న డబ్బులు మందులకి, బయట టెస్టులకి పోతుంటే రోజుకి రెండు టీలు, రెండు అరటిపళ్ళతో నెట్టుకొచ్చింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే పలాస వైపు నుంచి వచ్చిన ఒకావిడ లేపి కూర్చోబెట్టి, తన గిన్నెలో ఉన్న చద్దన్నం సగం తీసి, మాగాయ ముక్క నంజుకోమని ఇచ్చిందట. ఆవిడ కొడుకు అదే వార్డులో ఉన్నాడు, ఆవిడకి కూడా ఆ పూటకి ఉన్నది అదే. ఇద్దరూ ఒకరి పేరొకరు కూడా అడగలేదు. నాన్న డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న అమ్మ డాల్డా డబ్బా కడిగి ఎండలో పెట్టింది.

ఆకలి అమ్మకి కొత్తేమీ కాదు లెండి. బొబ్బిలి అవతల పల్లెటూరు, కూలి పని చేసుకునే ఇల్లు, పొద్దున్న చోడి అంబలి, రాత్రి కూడా అదే, బియ్యపన్నం అంటే పండగనాడే. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న భుజం మీద సంచితో ఇంటికొస్తుంటే పిల్లలందరూ వీధి చివరిదాకా ఎదురెళ్ళారని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ సంచి గురించి చెప్పినప్పుడల్లా అమ్మ గొంతు మారిపోయేది.

డబ్బా నిండినప్పుడల్లా ఆ బియ్యం ఒక్కోసారి ఒక్కో దారి పట్టేవి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళు ముప్పై రెండు కిలోమీటర్ల నడకలో మాధవధార దగ్గరికొచ్చేసరికి కాళ్ళీడ్చుకుంటూ వస్తారు కదా, వాళ్ళకి అక్కడ పెరుగన్నం పెట్టేది. హుద్‌హుద్ తుఫాను అప్పుడైతే, 2014 అక్టోబర్ 12, ఆదివారం, ఆ గాలి ఎవరం మర్చిపోం, మర్నాడు తెల్లారి తలుపు తీస్తే వీధిలో చెట్టన్నది మిగల్లేదు, కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్ చెప్పిన రేటుకి కొనుక్కోవాల్సిందే. అమ్మ డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, "ఒరే, ఆ పడిపోయిన వేపకొమ్మ నరుకు" అని తమ్ముడికి చెప్పి, నాలుగిటుకలు పేర్చి గుండిగ ఎక్కించింది. పచ్చి కర్ర, ఒకటే పొగ, ఊదీ ఊదీ ఆవిడ కళ్ళు ఎర్రగా అయిపోయాయి. గంజి వార్చకుండా జావలా చేసి, ఉప్పేసి, ఎవరింట్లో ఉన్న ఆవకాయ వాళ్ళు తెచ్చారు. మూడు రోజులు వీధి వీధంతా ఆ గుండిగ దగ్గరే తిన్నాం. అంతకుముందు రెండేళ్ళుగా మాటల్లేని ఎదురింటివాళ్ళు కూడా గిన్నె పట్టుకుని వచ్చారు, అమ్మ వాళ్ళకి అందరికంటే ముందు పోసింది.

అమ్మ 2021లో పోయింది. కార్యక్రమాలన్నీ అయ్యాక సామాన్లు సర్దుతుంటే డబ్బా బయటపడింది, మూత తీస్తే ముప్పావు వంతు బియ్యం, పురుగు పట్టకుండా పైన రెండు ఎండుమిరపకాయలు. ఆస్పత్రికి వెళ్ళిన రోజు పొద్దున్న వేసిన గుప్పెడు కూడా అందులోనే ఉంటుంది కదా. నేను, తమ్ముడు ఆ డబ్బా ముందు నేల మీద కూర్చుండిపోయాం చాలాసేపు.

మొదటి సంవత్సరీకానికి తమ్ముడు ఘనంగా చేద్దామన్నాడు, నేనూ సరే అన్నాను. ఇంట్లో తద్దినం తిథి ప్రకారం శుక్రవారమే పెట్టుకుని, అందరికీ సెలవు ఉంటుందని పెద్దాసుపత్రి దగ్గర అన్నదానం మాత్రం ఆదివారానికి పెట్టుకున్నాం. రెండొందల యాభై మందికి పులిహోర, దద్దోజనం, బూరెలు, అమ్మ ఫొటోతో ఫ్లెక్సీ కూడా వేయించాం. తీరా మధ్యాహ్నం వెళ్తే అప్పటికే అక్కడ రెండు వ్యాన్లున్నాయి, ఒకళ్ళది పుట్టినరోజు, ఒకళ్ళది పెళ్ళిరోజు, వాళ్ళూ పులిహోరే. జనం ఎంత తింటారు పాపం, మూడు చోట్ల మూడు ప్యాకెట్లు చేతిలో పెట్టుకుని నిలబడ్డారు. మాది సగానికి పైగా మిగిలిపోయింది. అమ్మ పేరు మీద వండిన అన్నం మిగిలిపోతే ఎలా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను, ఆవిడ కంచంలో ఒక్క మెతుకు వదిలితే ఒప్పుకునేది కాదు.

ప్యాకెట్ తీసుకోకుండా గోడ నీడలో కూర్చున్న ఒక ముసలావిడ దగ్గరికి వెళ్ళి, తీసుకో అమ్మమ్మా అన్నాను. పాడేరు పక్క ఊరట, మనవరాలిది కాన్పు. "నాలుగు దినాల్నుంచి పులుపన్నమే తల్లీ, నోరు పుండైపోనాది. కూసింత చారూ, వేడన్నం ఉంటే బాగుణ్ణు. ఇప్పుడొద్దులే, అందరూ మద్దేనమే వత్తారు. రేత్రికి ఏటీ దొరకదు" అంది.

ఆ మాట విన్నాక నాకు ఆ రోజు ఇంకేం చెయ్యబుద్ధి కాలేదు. మనం సెలవు చూసుకుని, మనకి వీలైన టైమ్‌కి, మనకి వండడం సులువైనది వండి తీసుకెళ్ళాం, తినేవాళ్ళకి ఏం కావాలో ఎవరూ అడగలేదు, మేం కూడా అడగలేదు. పులిహోర పాడవదు, మోసుకెళ్ళడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు, ఎవరి తప్పూ కాదు. కానీ వరసగా నాలుగు రోజులు చింతపండు పులుసు ఖాళీ కడుపులో పడితే ఏమవుతుందో ఆలోచించాలి కదా. ఆ సాయంత్రం తమ్ముడితో కొంచెం గొడవ కూడా అయింది, ఫ్లెక్సీ లేకపోతే అమ్మ పేరు ఎవరికి తెలుస్తుంది అక్కా అన్నాడు వాడు. పలాస ఆవిడ పేరు అమ్మకి తెలుసా అని అడిగాను. వాడేం మాట్లాడలేదు, మర్నాడు ఆ ఫ్లెక్సీ మడిచి అటక మీద పెట్టేశాడు, ఫొటో ఉంది కదా పారేయలేం.

అప్పటినుంచి మేం చేసేది ఇదీ. ముందు మా ఇల్లు, తమ్ముడి ఇల్లు, తర్వాత పక్కింటి పిన్నిగారు, అలా అలా ఇప్పుడు పద్నాలుగు ఇళ్ళు. ప్రతి ఇంట్లో ఒక డబ్బా, రోజుకి ఒక గుప్పెడు. నేను గుప్పెడు తూకం వేసి చూశాను, నలభై ఐదు గ్రాములు అటూ ఇటూ. నెలకి ఇంటికి కేజీ మూడొందల యాభై, పద్నాలుగు ఇళ్ళవి కలిపితే దాదాపు పందొమ్మిది కేజీలు. మనిషికి నూట ఇరవై గ్రాముల లెక్కన తొమ్మిది కేజీలు వండితే డెబ్భై ఐదు మందికి కడుపునిండా వస్తుంది, అంటే నెలలో రెండు రాత్రులు. పప్పు, కూరగాయలు, నూనె మాత్రం వంతులేసుకుని కొంటాం.

మొదట్లో అన్నం అస్సలు కుదిరేది కాదు. ఒకళ్ళది రేషన్ బియ్యం, ఒకళ్ళది సోనా మసూరి, ఒకళ్ళది పాతవి, ఒకళ్ళది మొన్న మొన్న ఊరినుంచి వచ్చిన కొత్తవి, అన్నీ కలిపి ఒకే గుండిగలో వేస్తే కొన్ని ముద్దైపోయేవి, కొన్ని పలుకు. మా వీధి చివర పెళ్ళిళ్ళకి వంటచేసే మాస్టారు ఒకరోజు చూసి తల పట్టుకున్నారు. రేషన్‌వి వేరు, సన్నబియ్యం వేరు పెట్టమ్మా, కొత్తబియ్యానికి నీళ్ళు తగ్గించు, రెండు గుండిగల్లో వండు అన్నారు. ఇప్పుడు ఇళ్ళ నుంచి తెచ్చేటప్పుడే రెండు బస్తాలుంటాయి. ఆయనే చెప్పిన ఇంకో మాట, వండిన అన్నం నాలుగు గంటల్లోపు నోట్లోకి వెళ్ళిపోవాలి, మన విశాఖ ఉక్కపోతకి అంతకంటే ఉంచకూడదు అని. అందుకే ఏడున్నరకి పొయ్యి వెలిగిస్తాం, తొమ్మిదింపావుకి బయల్దేరతాం.

తొమ్మిది తర్వాతే ఎందుకంటే, 2024 ఆగస్టు 15 నుంచి అన్న క్యాంటీన్లు మళ్ళీ తెరిచారు కదా, ఐదు రూపాయలకి పొద్దున్న టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి భోజనం, అది నిజంగా పెద్ద ఆసరా, ఆ టైమ్‌లో మేం వెళ్ళి అక్కడ నిలబడాల్సిన పని లేదు. కానీ రాత్రి తొమ్మిదికి అది మూసేశాక ఏజెన్సీ నుంచి అంబులెన్సులు వస్తూనే ఉంటాయి. పాడేరు నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు, సాయంత్రం ఆరింటికి బయల్దేరిన మనిషి ఇక్కడ దిగేసరికి పది. పేషెంటుని లోపలికి తీసుకెళ్ళిపోతారు, కూడా వచ్చిన వాళ్ళు కట్టుబట్టలతో, చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్‌తో బయట నిలబడతారు. ఊరు తెలీదు, కొందరికి భాష కూడా సరిగా రాదు. మేం వెళ్ళేది వాళ్ళ కోసం.

వేడన్నం, పప్పుచారు, ఒక వేపుడు, పల్చటి మజ్జిగ. తొమ్మిది కేజీల బియ్యానికి చారులోకి రెండు కేజీల కందిపప్పు వేస్తాం, పప్పు తగ్గించి నీళ్ళు పెంచితే ఊరుకోను నేను. వడ్డించేది అడ్డాకు విస్తట్లో. ఆ ఆకులు కూడా ఏజెన్సీ అడవుల నుంచి వచ్చినవే, వేడన్నం పడగానే ఆకు లోంచి ఒక వాసన లేస్తుంది, కొండమీంచి వచ్చిన వాళ్ళు ఆ వాసనకి ముందు ఒక్క క్షణం ఆగి, తర్వాత అన్నం కలుపుకుంటారు. నేను చాలాసార్లు గమనించాను అది. ఫొటోలు తియ్యం, ఎవర్నీ లైన్లో నిలబెట్టం, కూర్చున్న చోటికే వెళ్ళి వడ్డిస్తాం. ఇంకొంచెం వెయ్యనా అని రెండోసారి తప్పకుండా అడుగుతాం, ఎందుకంటే మొదటిసారి ఎవరూ కావాలనరు.

కిందటి నెల ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, భార్యని లోపలికి తీసుకెళ్ళారు, విస్తరి ముందు కూర్చుని అన్నం ముట్టుకోవట్లేదు. ఏం బాబూ అంటే, దానికి పెట్టారో లేదో అన్నాడు. మా తమ్ముడు వాడి పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు, లోపల వాళ్ళు చూసుకుంటారు, నువ్వు పడిపోతే దాన్నెవరు చూస్తారురా తిను అని వాడి విస్తట్లో చారు అమ్మ పోసినట్టే పోశాడు. వాడు తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

నాన్నకి ఇప్పుడు డెబ్భై దాటాయి, రాత్రిళ్ళు మాతో రాలేరు. పొద్దున్న బియ్యం కొలిచే పని మాత్రం ఎవరికీ ఇవ్వరు. చేతులు వణుకుతాయి, గుప్పెడు తీస్తే సగం గట్టు మీద రాలిపోతాయి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో గింజా ఏరి డబ్బాలో వేసుకుంటారు. నేను చేస్తాను నాన్నా అంటే వద్దంటారు. మొన్న తూకం వేస్తే మా ఇంటి డబ్బా కేజీ మూడొందల యాభైకి బదులు రెండు కేజీల ఏడొందలు వచ్చింది. పొరపాటున లెక్క తప్పుతున్నారేమో అనుకుని ఒకరోజు వెనక నిలబడి చూశాను. ఒక గుప్పెడు వేసి, కాస్త ఆగి, రెండోది వేశారు.

వచ్చే మంగళవారం రాత్రి మళ్ళీ వెళ్తున్నాం, బంగాళదుంప వేపుడు. కంచరపాలెం రైతు బజార్‌లో దుంపలు నేను తెస్తాను, అడ్డాకు విస్తర్లు అయిపోయాయి, అవి తమ్ముడు పూర్ణా మార్కెట్‌లో తేవాలి.