వేపచెట్టు గొడవ, నవకంబళం

పోయిన ఆదివారం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మీటింగ్, గేటు పక్కన వేపచెట్టు కొట్టేయాలా వద్దా అని. నేనన్నది ఒక్కటే, చెట్టు ఉంచండి, రోడ్డు మీదకొచ్చిన కొమ్మలు కొట్టించండి చాలు అని. వెంటనే సెకండ్ ఫ్లోర్ అంకుల్ "అంటే నీకు మా పిల్లల కంటే చెట్టే ఎక్కువా అమ్మా?" అన్నారు. ఆ మాట నేనెప్పుడన్నాను? ఇంకొకాయన "అద్దెకుండేవాళ్ళకేం తెలుస్తుందిలే" అన్నారు. నాకు ఒళ్ళు మండి "మీకు రెండో కారు పెట్టుకోడానికి చోటు కావాలి, అందుకేగా" అనేశాను. అదీ తప్పే, ఆయన చెప్పింది వదిలేసి ఆయన మనసులో ఏముందో నేనే తేల్చేశాను.

అడ్డంగా వాదించేవాళ్ళని వితండవాదం చేస్తున్నారు అంటాం కదా, ఆ వితండ గౌతముడి న్యాయసూత్రాల్లో, అంటే పాత తర్కశాస్త్ర గ్రంథంలో ఉంది. నిజం తేలాలని చేసేది వాదం, ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం, తనదంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. మాటని మెలితిప్పడానికి ఛలం అని పేరు. దానికి పాత ఉదాహరణ నాకు చాలా ఇష్టం, కొత్త కంబళి కప్పుకున్నవాణ్ణి చూసి "వీడిది నవకంబళం" అని ఒకరంటే, "తొమ్మిదెక్కడ, ఒకటేగా ఉంది" అంటాడు ఇంకొకడు. నవ అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ కదా.

మీటింగ్‌లో ఒకాయన ఫోన్లో హుద్‌హుద్ తుఫాను ఫొటోలు కూడా చూపించారు. 2014 అక్టోబర్ 12, ఆ గాలి హోరు విన్న వైజాగ్ వాళ్ళెవరూ మర్చిపోలేరు, ఆ ఫొటోలు చూస్తే ఇప్పటికీ గుండె జారుతుంది. పాత చెట్లు పడిపోయాయి, ఇదీ పాతదే, కాబట్టి పడుతుంది అన్నారు, అందరం తలూపేశాం. మా వాచ్‌మన్ మాత్రం "ఆ రోజూ ఇది ఇక్కడే ఉందమ్మా, కొమ్మలు పోయాయి, మాను కదల్లేదు" అన్నాడు. పాతది అనే కారణం పడినవాటికీ ఉంది, నిలబడ్డదానికీ ఉంది. అలా రెండు వైపులా పోయే హేతువుని సవ్యభిచారం అంటారు, ఐదు హేత్వాభాసల్లో, అంటే సరైన కారణంలా కనబడే తప్పుడు కారణాల్లో, అదొకటి. అలాగని అప్పుడు పడలేదు కాబట్టి ఇకముందూ పడదు అనలేం, ఆ మాటా ఒప్పుకోవాలి.

శాస్త్రాల్లో ముందు పూర్వపక్షం, అంటే అవతలివాడి వాదన చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే తమ వాదన చెప్తారు. సాయంత్రం మెట్ల దగ్గర అంకుల్ కనబడితే అదే చేశాను. కారు మాట అన్నందుకు సారీ చెప్పి, "కొమ్మ విరిగి పిల్లల మీద పడుతుందనే కదా అంకుల్ మీ భయం?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి "అదొక్కటే కాదమ్మా, ఇటు రా" అని సంప్ దగ్గరికి తీసుకెళ్ళి మూత ఎత్తి టార్చ్ వేశారు. గోడలోంచి సన్నటి వేళ్ళు జుట్టులా వేలాడుతున్నాయి, పక్కనే వేలు పట్టేంత పగులు. ఇది మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదంటే "ఎవరు విన్నారమ్మా, అందరూ అరుస్తుంటే" అన్నారు.

బుధవారం మేస్త్రీ వస్తున్నాడు. చెట్టు ఉంచి గోడ బాగుచేయొచ్చో లేదో ముందు ఆయన చూడాలి.